ఏ దేశపు ఏడు? పాత టోపీ కొనేముందు సైజు తేల్చుకునే పద్ధతి

పాత టోపీ లోపల తోలు పట్టీ మీద 7 అని ఉంది. టోపీ ఇంగ్లండుదైతే అది 57 సెంటీమీటర్ల తలకు చేసింది. అమెరికాదైతే 56 తలకు. ప్యారిస్‌దో ఇటలీదో అయితే ఆ 7కూ ఈ రెండు లెక్కలకూ పొత్తే కుదరదు. అంకె ఒకటే, తలలు వేరు. ఆన్‌లైన్‌లో పాత టోపీ తెప్పించుకున్నవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. తిప్పి పంపాలంటే తపాలా ఖర్చు టోపీ ధరను మించిపోతుంది కాబట్టి లెక్క డబ్బు కట్టకముందే తేలాలి.

మన సీమలో పాత టోపీలు రెండు మూడు దారుల్లో చేతికొస్తాయి. గుంతకల్లు లాంటి రైల్వే ఊళ్లలో పాత సామాన్ల మధ్య దొర టోపీలు (సోలా టోపీలు), కర్నూలు, కడప పాత ముస్లిం ఇళ్ల ట్రంకు పెట్టెల్లో రూమీ టోపీలు (ఫెజ్ టోపీలు), నాటక సమాజాల సామాన్లలో కలగాపులగంగా అన్నీ. ఇక లండన్, ఫిలడెల్ఫియా, వియన్నా పేర్లున్న ఫెల్టు (అదిమి చేసిన ఉన్ని, బొచ్చు) టోపీలు ఎక్కువగా ఆన్‌లైన్‌లో విదేశాల నుంచి వచ్చేవే. ఒక్కో రకానికి సైజు లెక్క ఒక్కోలా ఉంటుంది, సరిచేసుకునే వీలు కూడా ఒక్కోలా ఉంటుంది. కొనాలా వద్దా అన్నది ఈ రెండూ కలిపి చూసి తేల్చాల్సిన సంగతి.

ముందు మీ తల

దర్జీ టేపును కనుబొమలకు వేలెడంత పైన నుదుటి మీదుగా, చెవులకు కొంచెం పైగా, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోటు మీదుగా చుట్టండి. బిగించొద్దు, జారనివ్వొద్దు. టోపీ పెట్టుకుంటే పట్టీ ఎక్కడ కూర్చుంటుందో టేపు అక్కడే ఉండాలి. మూడుసార్లు కొలిచి, రెండుసార్లు ఒకేలా వచ్చిన అంకెను తీసుకోండి.

బట్ట టేపును గుడ్డిగా నమ్మొద్దు. ఏళ్ల తరబడి లాగి లాగి అది సాగి ఉంటుంది. సాగిన టేపు తలను చిన్నగా చూపిస్తుంది. స్టీలు స్కేలు పక్కన పెట్టి చూడండి. 30 సెంటీమీటర్ల దగ్గర 3 మిల్లీమీటర్లు సాగి ఉంటే 57 తల మీద తేడా అర సెంటీమీటరు దాటిపోతుంది. అంటే సగం సైజు కొలతలోనే పోయినట్టు. టేపు లేకపోతే పురికొస చుట్టి స్కేలు మీద పరచి చూసుకోవచ్చు. కుట్టు దారం మాత్రం వద్దు, లాగితే సాగుతుంది.

జుట్టు కూడా లెక్కలోకి వస్తుంది. తిరుపతిలో గుండు చేయించుకొని వచ్చినవాళ్లు ఆ నెలలో కొలత తీసుకోకపోవడం మంచిది. నాటకం కోసమైతే విగ్గు పెట్టుకున్నాకే కొలవాలి. విగ్గు మందాన్ని బట్టి సెంటీమీటరో, అంతకన్నా ఎక్కువో పెరుగుతుంది.

చుట్టుకొలతతో పాటు తల పొడవు, వెడల్పు కూడా రాసి పెట్టుకోండి. వెనక తలను గోడకు ఆనించి, నుదుటికి అట్ట పుస్తకం నిలువుగా ఆనించి, గోడకూ పుస్తకానికీ మధ్య దూరం కొలిస్తే పొడవు. అలాగే చెవుల పైభాగాన ఒక పక్క గోడ, ఇంకో పక్క పుస్తకం పెడితే వెడల్పు. ఇవి ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. చుట్టుకొలత ఒకటే అయినా, కోల (నిడుపాటి) తలకు చేసిన టోపీ గుండ్రటి తలకు నప్పదు.

ఎనిమిదో ఎక్కం చాలు

పెద్ద పెద్ద పట్టికలు బట్టీ పట్టక్కర్లేదు. అమెరికా సైజు అంటే తల చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకొని 3.1416తో భాగిస్తే వచ్చేది. తల పూర్తి గుండ్రంగా ఉందనుకుంటే దాని వ్యాసం అన్నమాట. అంగుళానికి 2.54 సెంటీమీటర్లు. 3.1416ను 2.54తో గుణిస్తే 7.98, అంటే దాదాపు 8. అందుకే అమెరికా అంకెను 8తో గుణిస్తే నేరుగా సెంటీమీటర్లు వచ్చేస్తాయి. 7 అంటే 56. 7⅛ అంటే 57. ఏడుంబావు అంటే 58. ఏడున్నర అంటే 60.

బ్రిటిష్ అంకె అదే తలకు అమెరికా అంకె కన్నా ⅛ తక్కువ ఉంటుంది. కాబట్టి 8తో గుణించి ఒకటి కలపాలి. బ్రిటిష్ 7 అంటే 56కు ఒకటి కలిపి 57. బ్రిటిష్ 6⅞ అంటే 55కు ఒకటి కలిపి 56.

తిరగేసి కూడా చేయొచ్చు. మీ తల 59 అనుకుందాం. 59ని 8తో భాగిస్తే 7⅜, అది మీ అమెరికా సైజు. అందులోంచి ⅛ తీసేస్తే 7¼, అది బ్రిటిష్ సైజు.

కమ్మీల అంగట్లో, వడ్రంగి పనిలో ⅛ అంగుళాన్ని ఒక నూలు అంటారు కదా, టోపీ సైజు మెట్టు కూడా అంతే. వ్యాసం ఒక నూలు పెరిగితే చుట్టుకొలత సెంటీమీటరు పెరుగుతుంది. బ్రిటిష్ అంకెను అమెరికా అంకెగా పొరబడితే వచ్చే తేడా కూడా సరిగ్గా ఆ సెంటీమీటరే. చెప్పుకోవడానికి చిన్నదే, తల మీద చిన్నది కాదు. సెంటీమీటరు బిగువైతే అరగంటలో నుదుటి మీద గీత పడుతుంది. సెంటీమీటరు వదులైతే మధ్యాహ్నపు గాలికి ఎగిరిపోతుంది.

| సెంటీమీటర్లు | బ్రిటిష్ | అమెరికా |
|---|---|---|
| 53 | 6½ | 6⅝ |
| 54 | 6⅝ | 6¾ |
| 55 | 6¾ | 6⅞ |
| 56 | 6⅞ | 7 |
| 57 | 7 | 7⅛ |
| 58 | 7⅛ | 7¼ |
| 59 | 7¼ | 7⅜ |
| 60 | 7⅜ | 7½ |
| 61 | 7½ | 7⅝ |
| 62 | 7⅝ | 7¾ |

అంకెను చూసి లెక్కను గుర్తుపట్టడం

లోపలి అంకె ఏ పరిధిలో ఉందో చూస్తే సగం పని అయిపోతుంది. 52 నుంచి 63 దాకా ఉంటే అది సెంటీమీటర్లే, ఎవరు చేసినా సరే (యుద్ధపు ఇనుప హెల్మెట్లు తప్ప). జర్మనీ, ఆస్ట్రియా, చెక్ టోపీలు, ఈ కాలపు ఆస్ట్రేలియా అకుబ్రాలు ఇలా ఉంటాయి. మార్చుకోవాల్సిన అవసరమే లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇవే మేలు. వియన్నా హాబిగ్ టోపీలో 57 అని ఉంటే 57 తలకే చేశారు.

20 నుంచి 24 మధ్య ఉంటే, 21½, 22, 22½ లాగా, అది చుట్టుకొలత అంగుళాల్లో. అమెరికా ఆడవాళ్ల పాత టోపీల్లో ఈ లెక్క కనిపిస్తుంది. 2.54తో గుణించండి. 22 అంటే 55.9, అంటే 56. 22½ అంటే 57.2. ఇక్కడ 8తో పనిలేదు.

6½ నుంచి 7¾ మధ్య, అరలూ పావులూ అరపావులతో ఉంటే బ్రిటిష్ లేదా అమెరికా. ఏ దేశమో టోపీ లోపలే తేల్చుకోవాలి. తోలు పట్టీ మీద, లోపలి పట్టు గుడ్డ మీద అచ్చేసిన ఊరి పేరు చూడండి. లండన్, లూటన్, స్టాక్‌పోర్ట్ ఉంటే బ్రిటన్. లండన్ సెయింట్ జేమ్స్ వీధి అని కనిపిస్తే అది 1676 నుంచి నడుస్తున్న లాక్ అంగడిది కావచ్చు. ఫిలడెల్ఫియా, డాన్‌బరీ, న్యూయార్క్ ఉంటే అమెరికా. స్టెట్‌సన్ టోపీల కంపెనీ 1865లో మొదలైంది ఫిలడెల్ఫియాలోనే. తోలు పట్టీని మెల్లగా బయటికి మడిచి వెనక చూడండి. అమెరికా టోపీల్లో అక్కడ చిన్న కాగితపు చీటీ మీద సైజు ఉంటుంది. కార్మిక సంఘం ముద్ర ఉన్న చీటీ కూడా ఉండొచ్చు. అది కనిపిస్తే టోపీ అమెరికాదే అని దాదాపు ఖాయం.

ఒక చిక్కుంది. తయారీ ఒక దేశం, అమ్మిన అంగడి ఇంకో దేశం కావచ్చు. లండన్ టోపీల మీద న్యూయార్క్ అంగడి పేరు కూడా కనిపిస్తుంది. అలాంటప్పుడు పేరును బట్టి సైజు అనుకోవడం ప్రమాదం, టేపే దిక్కు.

3, 4, 5, 5½ లాంటి చిన్న అంకె ఒక్కటే ఉంటే అది పాత ఫ్రెంచి, ఇటలీ టోపీల్లో వాడిన, పాయింట్లు అనే వేరే లెక్క. 1857లో ఇటలీలోని అలెస్సాండ్రియాలో మొదలైన బోర్సలీనో కంపెనీ పాత టోపీల్లో ఇలాంటివి తారసపడతాయి. ప్యారిస్ పేరున్న టోపీలో 6½ చూసి బ్రిటిష్ 6½ అనుకొని పిల్లల టోపీ అని వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఈ అంకెను పట్టికలో వెతికే పని పెట్టుకోవద్దు. లోపలి చుట్టుకొలత సెంటీమీటర్లలో అడిగి తెలుసుకోండి. అమ్మేవాళ్లు కొలవనంటే ఆ టోపీ వదిలేయండి. పాయింట్ల అంకెను నమ్మి డబ్బు పెట్టడం కన్నా లాటరీ టికెట్టు కొనడం నయం.

ఎస్, ఎం, ఎల్ అక్షరాలు ఉన్నవి పాతవే అయినా సైజు సంగతిలో ఏమీ చెప్పవు. ఒకరి ఎం ఇంకొకరి ఎల్ కావచ్చు.

యుద్ధకాలపు జర్మన్ ఇనుప హెల్మెట్ల మీద 62, 64, 66 లాంటి అంకెలు ఉంటాయి. అవి తల కొలతలు కావు, ఇనుప చట్రం కొలతలు. 64 చట్రంలో కూర్చునే లోపలి పట్టీ 56 లేదా 57 తలకు. 66లో 58 లేదా 59. సేకరణ కోసం కొనేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

చీటీ అంకె, నేటి అంకె

చీటీ మీదున్నది టోపీ పుట్టినరోజు సైజు. ఎనభై ఏళ్ల తర్వాత లోపలి కొలత అంతే ఉంటుందని పూచీ లేదు. చెమటకు తడిసి ఆరి, తడిసి ఆరి లోపలి తోలు కుంచించుకుపోతుంది. దాన్ని పట్టుకొని ఉన్న ఫెల్టు కూడా లోపలికి ముడుచుకుంటుంది. 7⅛ చీటీ ఉన్న అమెరికా ఫెడోరా (మెత్తటి ఫెల్టు టోపీ) కొలిస్తే 56 రావడం మామూలే. తక్కువగా అయినా ఇంకోలా కూడా జరుగుతుంది. పెద్ద తలవాడు ఏళ్ల తరబడి పెట్టుకుంటే టోపీ సాగి చీటీ కన్నా పెద్దదవుతుంది. తోలు పట్టీ ఎప్పుడో మార్చి ఉంటే పాత చీటీ వృథా. పట్టీ కుట్టు దారం రంగు, పట్టీ కొత్తదనం చూస్తే అది పసిగట్టొచ్చు.

కాబట్టి నమ్మకం వరస ఇది. టేపు కొలత ముందు, చీటీ తర్వాత, అమ్మేవాళ్లు రాసిన సైజు అన్నిటికన్నా వెనక. అమ్మేవాళ్లు చాలామంది పట్టికలు చూసి మార్చి రాస్తారు, అది కూడా తరచు తప్పు పట్టిక.

లోపలి కొలతకు పద్ధతి ఇది. టోపీ తిరగేసి, తోలు పట్టీ మధ్యన, అంచు నుంచి వేలెడంత లోపలికి, సన్నటి స్టీలు టేపు గోడకు అంటుకునేలా చుట్టాలి. బట్ట టేపు లోపల నిలవదు, మడతలు పడి ఎక్కువ చూపిస్తుంది. స్టీలు టేపు లేకపోతే గట్టి కాగితపు పట్టీని లోపల చుట్టి, కలిసినచోట పెన్సిలు గీత పెట్టి, బయట పరచి కొలవొచ్చు. అమ్మేవాళ్లకు ఇది కష్టమనిపిస్తే లోపలి పొడవు, వెడల్పు రెండే అడగండి. రెండూ కూడి సగం చేసి 3.1416తో గుణిస్తే చుట్టుకొలత దాదాపు సరిగ్గా వస్తుంది. పొడవు 19.6, వెడల్పు 16.6 అనుకుందాం. సగటు 18.1. గుణిస్తే 56.9. అసలు కోల ఆకారానికి లెక్క కట్టినా తేడా మిల్లీమీటరు దాటదు.

ఈ రెండు అంకెలతో ఇంకో లాభముంది. మీ తల పొడవు వెడల్పులతో పోల్చి చూసుకోవచ్చు. చుట్టుకొలత సరిపోయినా టోపీ నుదుటి దగ్గర, వెనక నొక్కుతూ కణతల దగ్గర సందు ఇస్తే మీది టోపీ కన్నా కోల తల. కణతల దగ్గర నొక్కి ముందూ వెనకా సందు ఇస్తే మీది గుండ్రటి తల. అమెరికా టోపీల్లో కొన్నిటి చీటీ మీద కోల తలకు చేసిందన్న ముద్ర ఉంటుంది. పాత టోపీ అంగళ్లలో ఈ ఆకారం తీయడానికి ఒక యంత్రమే ఉండేది. 1843లో ప్యారిస్‌లో వచ్చిన కన్ఫర్మేటర్ తల మీద పెడితే తల ఆకారాన్ని చిన్నది చేసి కాగితం మీద గుచ్చి ఇచ్చేది. మనకు గోడా పుస్తకమూ చాలు.

ఏ రకం టోపీకి ఏ సైజు ఎంచుకోవాలి

మెత్తటి ఫెల్టు టోపీలు, అంటే ఫెడోరాలు, ట్రిల్బీలు. వీటిలో కొంచెం వెసులుబాటు ఉంది. మీ కొలతకు సమానమైనది గానీ అర సెంటీమీటరు పెద్దది గానీ తీసుకోండి. పెద్దదాన్ని చిన్నది చేయడం తేలిక, చిన్నదాన్ని పెద్దది చేయడం కష్టం. అర సెంటీమీటరు దాకా సాగదీయొచ్చు. సెంటీమీటరు అంటే చివరి హద్దు. అంతకు మించితే వెనక తోలు పట్టీ అతుకు దగ్గర కుట్టు చిరుగుతుంది. ఫెల్టు సాగినా తోలు సాగదు.

బౌలర్ టోపీ (పైభాగం గుండ్రంగా ఉండే ఫెల్టు టోపీ) గట్టిది. లక్కతో బిగించి చేస్తారు. ఇది సాగదు, తల ఆకారానికి వేడి చేసి మలచాలి, ఆ పని తెలిసినవాళ్లు చేస్తేనే. కాబట్టి బౌలర్ కొంటే చుట్టుకొలతే కాదు, పొడవు వెడల్పులు కూడా సరిపోవాలి. సెంటీమీటరు పెద్దది తీసుకొని లోపల పట్టీ పెట్టుకోవడమే ఇక్కడ సరైన దారి. పట్టు కుచ్చుతో చేసిన నల్లటి పొడవు టోపీ సంగతి కూడా అంతే. పైగా ఆవిరి తగిలితే లోపలి లక్క మెత్తబడి ఆకారం చెడుతుంది. పాతవి ఎక్కువగా చిన్న సైజుల్లో దొరుకుతాయి కాబట్టి 59 దాటిన తలవాళ్లు ఎక్కువ వెతకాలి.

సోలా టోపీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పాత పెట్టెల్లో ఇదే ఎక్కువ. ఇది జీలుగు బెండుతో చేస్తారు. చేలల్లో పచ్చిరొట్ట ఎరువుకు చల్లే జీలుగ కాదు, నీటి మడుగుల్లో పెరిగే వేరే మొక్క. ఈ దేశంలో ఇంగ్లీషువాళ్ల కోసం చేసిన వీటిలో అంకెలు బ్రిటిష్ లెక్కలో ఉంటాయి. 6⅞ కనిపిస్తే 56. ప్రభుత్వ సరుకైతే బాణం గుర్తు ముద్ర కూడా ఉండొచ్చు. సోలా టోపీలో పై చట్రానికీ తోలు పట్టీకీ మధ్య గాలి ఆడడానికి సందు వదులుతారు, చిన్న చిన్న బెండు ముక్కలో బిరడా ముక్కలో పెట్టి పట్టీని ఎడంగా నిలబెడతారు. కొలవాల్సింది ఆ పట్టీ లోపలి చుట్టుకొలత. చట్రం లోపల కొలిస్తే సైజు రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. అమ్మేవాళ్లు చేసే తప్పు తరచు ఇదే. 60 అని రాసిన సోలా టోపీ ఇంటికొచ్చాక 57 కావడానికి కారణం ఇదే.

సోలా టోపీని సాగదీయొద్దు. ఆవిరి పట్టొద్దు, తడపొద్దు. బెండు నీళ్లు పీల్చుకొని ఉబ్బుతుంది, ఆరాక వంకర తిరుగుతుంది. సరిచేయాల్సింది లోపలి పట్టీనే. ఎడం ముక్కల మందం మారిస్తే పట్టీ చుట్టుకొలత మారుతుంది. ఒక్కో ముక్క 1.5 మిల్లీమీటర్లు పలచన చేస్తే సుమారు సెంటీమీటరు వస్తుంది. పాత ముక్కలను పారేయకుండా ఒక కవరులో పెట్టి టోపీలోనే ఉంచండి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా హాలీ హెల్మెట్ చూడ్డానికి సోలాలా ఉన్నా అదిమిన నారతో చేసింది, లోపలి పట్టీని సర్దుకోవచ్చు. నాటకాలకు, నలుగురు నటులు ఒకే టోపీ పెట్టుకోవాల్సిన చోట, అలాంటిది దొరికితే వదలొద్దు.

నాటకాల మాట వచ్చింది కాబట్టి. 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో పుట్టిన సమాజం నుంచి నేటి కాలేజీ నాటకాల దాకా దొర పాత్రకు టోపీ కావాలంటే మొదట చేయి పోయేది సోలా మీదికే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కాలం 1846–47. ఆయన నాటకంలో కలెక్టరు తలకు 1930ల నాటి తీరు టోపీ పెడితే చూసేవాళ్లకు తెలియకపోయినా కాలం కలవదు. సైజు వరకు చెప్పాలంటే నాటక సమాజం 59 లేదా 60 టోపీలు కొని, వేర్వేరు మందాల పట్టీలు తగిలించి తీసేసుకోవడం మేలు. విగ్గు మీద 57 టోపీ నిలవదు.

రూమీ టోపీ ఎక్కువగా తలమీద పైకి కూర్చుంటుంది, కొంతమంది నుదుటి మీదికి లాగి పెట్టుకుంటారు. టేపును మీరు పెట్టుకునే చోటనే చుట్టండి, మామూలు టోపీ కొలత కన్నా తక్కువ రావచ్చు. ఒకప్పుడు బొహీమియాలోని స్ట్రాకొనిత్సె ఊరు ఈ టోపీల తయారీకి పేరుపొందింది. 1925లో టర్కీ వీటిని నిషేధించినా మన దగ్గర ఇళ్లలో వీటి వాడకం పోలేదు. సన్నటి ఫెల్టు కాబట్టి అచ్చు మీద వేడి చేసి కొంత సర్దుకోవచ్చు, కానీ కుంచించుకుపోయినదాన్ని రెండు సెంటీమీటర్లు పెంచాలనుకుంటే పైభాగం పలచబడి చిల్లు పడుతుంది.

పనామా గడ్డి టోపీల్లో సైజు కన్నా ఆరోగ్యం ముఖ్యం. అనంతపురం ఎండకు, పొడి గాలికి గడ్డి పెళుసెక్కుతుంది, మడతల దగ్గర విరుగుతుంది. పాత పనామాను సాగదీయాలని చూడకండి. అర సెంటీమీటరు పెద్దది కొని లోపల సర్దుకోండి. చిటికెన వేలితో మడత దగ్గర తట్టితే టపటప మనే గడ్డి ఇప్పటికే చచ్చిందని అర్థం.

అమ్మేవాళ్లను ఏం అడగాలి

తోలు పట్టీ చుట్టూ లోపలి కొలత సెంటీమీటర్లలో, లోపలి పొడవు వెడల్పులు, చీటీ ఫోటో, వెనక అతుకు దగ్గర తోలు పట్టీ ఫోటో. ఈ నాలుగూ వస్తే చాలు. చివరిది చాలామంది అడగరు. తోలు అతుకు దగ్గర చీలి ఉంటే, అది లోపలికి కుంచించుకుపోయి తెగిందని అర్థం. అంటే అసలు సైజు కన్నా చిన్నదై ఉంటుంది, లేదా పట్టీ మార్చాలి. తోలును గోటితో గీకితే ఎర్రటి పొడి రాలుతుందంటే అది ఇక బాగవదు. ఏ నూనె పట్టించినా రాదు.

కొలతలు చేతికొచ్చాక ఇలా తూచండి. చీటీ బ్రిటిష్ 7, అమ్మేవాళ్లు రాసింది 56, లోపలి కొలత 57. అమ్మేవాళ్లు అమెరికా లెక్కతో మార్చారు, టోపీ 57 తలకే. చీటీ అమెరికా 7¼, అంటే 58. లోపలి కొలత 57. కుంచించుకుపోయింది. 57 తలవాడు కొనొచ్చు, 58 తలవాడు అర సెంటీమీటరు సాగదీసి సర్దుకోగలనంటేనే కొనాలి. ఇక చీటీ 7⅛, ఏ దేశమో తెలియదు, కొలత 57.5. అప్పుడు చీటీని పక్కన పెట్టి 57.5నే పట్టుకోవాలి.

ఇంటి దగ్గర సరిచేసుకోవడం

వదులు టోపీకి తోలు పట్టీ వెనక సన్నటి పట్టీ పెట్టడమే మార్గం. చుట్టూ 1.6 మిల్లీమీటర్ల మందంతో పెడితే చుట్టుకొలత సరిగ్గా ఒక సెంటీమీటరు తగ్గుతుంది. నుదుటి దగ్గర, వెనక మాత్రమే 3 మిల్లీమీటర్ల మందంతో, చుట్టుకొలతలో మూడో వంతు మేర పెడితే సుమారు 6 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కోలగా ఉన్న టోపీని గుండ్రటి తలకు మార్చాలంటే ముందూ వెనకా మాత్రమే పెట్టాలి. కణతల దగ్గర మాత్రమే పెడితే కోల తలకు సర్దుకుంటుంది. బిరడా షీటు గానీ మందపాటి నూలు పట్టీ గానీ చాలు. పాతకాలంలో వార్తాపత్రిక మడిచి పెట్టేవాళ్లు. మడిచిన పత్రిక చెమటకు తడిస్తే సిరా ఫెల్టుకు అంటుకుంటుంది, కాబట్టి ఒకరోజు పరీక్షకు తప్ప వద్దు. జిగురు కూడా వద్దు, పట్టీ వెనక సందులోకి దూర్చి వదిలేస్తే చాలు.

బిగువు ఫెల్టు టోపీకి, వడ్రంగి చేత రెండు అర్ధచంద్రాకారపు చెక్క ముక్కలు చేయించి మధ్యలో రెండు వైపులా తిరిగే మర బిగించుకుంటే సాగదీసే పరికరం తయారవుతుంది. తోలు పట్టీని బయటికి మడవండి. మరిగే నీళ్ల ఆవిరిలో ఫెల్టు అంచు భాగాన్ని అర నిమిషం లోపు చూపించండి, తోలుకు ఆవిరి తగలనివ్వొద్దు. పట్టీ లోపలికి మడిచి చెక్కలు పెట్టి, అవి గోడకు ఆనుకునేదాకా మర తిప్పి, ఆ తర్వాత అర చుట్టు మాత్రమే తిప్పి రాత్రంతా ఉంచండి. రెండో రోజు కొలవండి. ఒకేసారి ఎక్కువ తిప్పితే చెక్కలు కలిసినచోట ఫెల్టు మీద రెండు గుబ్బలు వస్తాయి, అవి పోవు.

తోలు పట్టీ మార్చాల్సి వస్తే చెప్పులు కుట్టే మనిషిని అడగొచ్చు, కానీ ముందే చెప్పి పెట్టండి. పాత రంధ్రాల్లోంచే చేత్తో కుట్టాలి. మిషన్ కుట్టు ఫెల్టును కోసేస్తుంది. పట్టీకి పదును పెట్టిన మేక తోలు, మిల్లీమీటరు లోపు మందం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట బొమ్మల తోలు ఎంత అందంగా ఉన్నా ఇక్కడ పనికిరాదు. అది పదును పెట్టని పచ్చి తోలు, చెమటకు మెత్తబడి ఆరితే రేకులా గట్టిపడుతుంది. తోలు మెత్తబరచడానికి కొబ్బరి నూనె, ఆముదం రాయొద్దు. ఫెల్టులోకి ఇంకి మచ్చ పడుతుంది, ఆ వాసన పోదు. రంగు లేని తోలు క్రీము వేలి కొనతో పలచగా రాస్తే సరి.

దాచేటప్పుడు తిరగేసి, అంచు నేలకు ఆనకుండా పెట్టండి. మార్చి నుంచి జూన్ దాకా రేకుల కప్పు కింది అటక మీద పెట్టొద్దు. ఆ వేడికి తోలు మళ్లీ కుంచించుకుపోయి మీరు సరిచేసిన సెంటీమీటరు తిరిగి పోతుంది. వేపాకు పెట్టాలనుకుంటే బాగా ఎండబెట్టి గుడ్డ సంచిలో కట్టి టోపీ పక్కన పెట్టండి, లోపల కాదు.